పీకాలా, అతికించాలా?

జూపాడు బంగ్లాలో ఒక వంటిల్లు. ఎల్ ఆకారంలో నల్ల గ్రానైటు గట్టు, పొడవు 16 అడుగులు. గట్టు మీద రెండడుగుల ఎత్తు దాకా 8 అంగుళాలకు 12 అంగుళాల టైల్స్. లేత గోధుమ రంగు, నాలుగింటికొకటి పండ్ల బుట్ట బొమ్మ. ఇల్లు కట్టి ఇరవై ఏళ్లయింది. ఇంటావిడ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. తర్తూరు జాతరకు చుట్టాలొచ్చేలోగా ఈ గోడ మారాలని, పాతవి పీకకుండా వాటి మీదే కొత్తవి అతికించాలని ఆమె పట్టు. బేల్దారి పనిలో తల నెరిసిన మేస్త్రి మాత్రం పీకకుండా చెయ్యి పెట్టనంటాడు. కొత్త టైల్స్ పెట్టెలు వసారాలో దిగాయి. పని మాత్రం ముందుకు సాగలేదు.

మేస్త్రి: టీచరమ్మా, ఉన్నమాట చెప్తా, కోపగించుకోవద్దు. పాత టైలు మీద కొత్త టైలంటే పైన పటారం లోన లొటారం. సుత్తి, ఉలి తెచ్చినా. ఒక్క పూటలో పీకేస్తా. గోడ ఎట్లుందో చూసి, మాలు పూసి, కొత్తగా కడతా.

టీచరమ్మ: ఒక్క పూట పీకడానికన్నా. ఆ తర్వాతి సంగతి చెప్పు. పాత టైలు ఒక్కటే వస్తుందా? వెనకున్న మాలు వస్తుంది, ప్లాస్టరింగు వస్తుంది, కొన్నిచోట్ల ఇటుక పెచ్చు కూడా ఊడొస్తుంది. లెక్క వేశాను. గోడ 32 చదరపు అడుగులు, అంటే 3 చదరపు మీటర్లు. టైలూ మాలూ కలిపి రెండు సెంటీమీటర్ల మందం అనుకున్నా 120 కిలోల పెళ్లలు. అవి ఎక్కడ పోస్తారు? కాలువ గట్టు మీదే గదా. నిర్మాణ వ్యర్థాలకు కేంద్రం 2016లోనే నియమాలు పెట్టింది. కేసీ కాలువ గట్టు మీద పెళ్లలు పోసేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

మేస్త్రి: పోసేటోళ్లు పోస్తారు, నేను పోయను. ఊళ్లో ఎవరో ఒకరు కొత్తిల్లు కడతానే ఉంటారు. మూడు సంచుల పెళ్లలంటే బేస్‌మట్టం నింపుకోను అడిగి మరీ తీసుకుపోతారు.

టీచరమ్మ: సరే, పెళ్లలకు దారి దొరికింది. దుమ్ముకో? వంటిల్లు మూస్తే నేను వసారాలో పొయ్యి పెట్టుకుని, వండి, క్యారియరు కట్టుకుని బడికి పరుగెత్తాలి. నువ్వు కొట్టేటప్పుడు లేచే పొడి పప్పు డబ్బాల మూతల్లోకీ దూరుతుంది. డబ్బాలంటే కడుక్కోవచ్చు, నీ ఊపిరితిత్తులు కడగలేం. ఇసుకలో, మాలులో, టైల్లో సిలికా ఉంటుంది. ఆ సన్నపొడి పీలిస్తే క్యాన్సర్ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. ఇన్నేళ్లుగా ముక్కుకు తువాలు చుట్టుకుని పని చేస్తున్నావు. తువాలు ఆ పొడిని ఆపదన్నా.

మేస్త్రి: నా రొమ్ము గురించి ఆలోచించినారు, సంతోషం. కానీ అతికిస్తే పొడి ఉండదనుకుంటుండారా? నున్నటి గ్లేజు మీద ఏదీ పట్టదు. గ్రైండరుకు బిళ్ల బిగించి ప్రతి టైలూ గరుకు చెయ్యాల. అప్పుడు లేసే పొడి ఉలితో కొట్టినప్పటికన్నా సన్నం.

టీచరమ్మ: గ్రైండరు వద్దు. కార్బొరండం రాయి తడిపి చేత్తో రుద్దు, 32 అడుగులే గదా. లేదంటే ఇసుక రేణువులు కలిపిన ప్రైమర్లు వస్తున్నాయి. రోలరుతో పూసి ఆరనిస్తే గోడంతా గరుకు తేలుతుంది.

మేస్త్రి: మరి జిడ్డు? ఇరవై ఏళ్ల తిరగవాత ఆవిరి ఆ గోడ మీదుంది. సబ్బు నీళ్లతో తుడిస్తే చూపుకు మెరుస్తాది, జిడ్డు అట్లనే ఉంటాది. దాని మీద ప్రైమరు పూస్తే ప్రైమరు పోయి జిడ్డును పట్టుకుంటాది. జిడ్డు ఎవరిని పట్టుకోవాల?

టీచరమ్మ: వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి రెండుసార్లు రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఒక రోజు ఆరబెట్టే పూచీ నాది. తర్వాత నువ్వే గోడ మీద నీళ్లు చల్లి చూడు. నీళ్లు పలచగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు, మళ్లీ రుద్దుతాను.

మేస్త్రి: అయినా నాకు నమ్మకం కుదర్లేదు. నేను నేర్చుకున్న పని వేరే. టైల్స్ తొట్లో నానబెట్టేది. నానకపోతే మాలులో ఉన్న తడంతా టైలే లాగేసుకుంటాది, సిమెంటు ఉడకదు. నానినాక తీసి, ఎనక మాలు పూసి, గోడకానించి తాపీ పిడితో తట్టేది. టైలు ఎనకభాగం నీళ్లు తాగుతాది కాబట్టి సిమెంటు పాలు లోనికి దిగి పట్టుకుంటాయి. గ్లేజు నీళ్లు తాగదు. తాగనిదాన్ని సిమెంటు పట్టదు.

టీచరమ్మ: ఒట్టి సిమెంటు పట్టదు, నిజమే. గోడ టైలు మట్టి తన బరువులో పదో వంతుకు మించి నీళ్లు పీలుస్తుంది. విట్రిఫైడ్ టైలు వందకు అర వంతు కూడా పీల్చదు. గుజరాత్‌లోని మోర్బీ నుంచి ఆ విట్రిఫైడ్ లోడ్లు దిగడం మొదలయ్యాకే గదా, నందికొట్కూరు అంగళ్లలో సంచుల జిగురు కూడా కనిపించింది. అందులో సిమెంటు, సన్న ఇసుకతో పాటు పాలిమర్ పొడి ఉంటుంది. నీళ్లు కలిపితే అది సాగే పొరగా మారి నునుపును కూడా పట్టుకుంటుంది. దానికి ఐఎస్ 15477 అని భారత ప్రమాణం ఉంది. అంతర్జాతీయంగా అయితే సీ1, సీ2 అని తరగతులు. సీ2 అంటే చదరపు మిల్లీమీటరుకు కనీసం 1 న్యూటన్ పట్టు. మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు పది కిలోలు. టైలు బరువేమో అదే జాగాకు రెండు గ్రాములు. రెండు గ్రాములను పది కిలోల పట్టుతో మోస్తుంటే ఇంక భయమేంది?

మేస్త్రి: ఆ పది కిలోలు ఏ గోడ మీద లాగి చూసినారు?

టీచరమ్మ: ప్రయోగశాలలో, కాంక్రీటు పలక మీద.

మేస్త్రి: కాంక్రీటు పలకకు తిరగవాత తెలీదు, సింకు తడి తెలీదు. సరే, బరువుకు ఊడదు, ఒప్పుకుంటా. బరువుకు ఊడిన టైలు నేనూ చూళ్లేదు. మరి ఊళ్లో ఇన్ని గోడలకు ఎందుకు ఊడుతుండాయి? ఒకటి, ఎనక మాలు నిండుగా లేక. నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి పెట్టి అతికిస్తారు, పని బిరీన అయిపోతాది. అంచులన్నీ డొల్ల. రెండు, తడి. మూడు, సందు లేక. అప్పట్లో టైలుకూ టైలుకూ నడుమ సందు ఇడిస్తే ఇంటోళ్లు ఒప్పేటోళ్లు కాదు, అంచుకు అంచు ఆనించమనేటోళ్లు. పొయ్యి వేడికి టైలు సాగాలంటే యాడికి సాగల్ల? ముందుకు ఉబ్బుతాది.

టీచరమ్మ: వేడి ఒకటే కాదు. మట్టి టైలు తేమను పీల్చి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెరుగుతుంది. వేడికి పెరిగింది చల్లారితే తగ్గుతుంది, తేమకు పెరిగింది మామూలుగా తగ్గదు. అందుకే ఎవరూ తాకకుండానే ఏ రాత్రివేళో టప్పుమని లేస్తాయి.

మేస్త్రి: అట్ల లేసే టైలు మీద మీ పది కిలోల జిగురు పెట్టి ఇంకోటి అతికిస్తే ఏమయితాది? జిగురు ఊడదు. పాతదీ కొత్తదీ ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా గట్టు మీద పడతాయి. కింద కుక్కరుంటే కుక్కరు మీద, చెయ్యుంటే చెయ్యి మీద.

టీచరమ్మ: ఏది లేస్తుందో ముందే తెలుసుకుంటే సరి. ఉలి పెట్టే ముందు తట్టి చూడన్నా.

(మేస్త్రి సుత్తి పక్కన పెట్టి స్పానరు తీశాడు. పొయ్యి వైపు పై వరస నుంచి మొదలుపెట్టి, ప్రతి టైలునూ నడుమ ఒకసారి, మూలకొకసారి స్పానరు తోకతో తట్టుకుంటూ వచ్చాడు. గట్టి చోట ఖణీమని పొడిగా మోగింది. డొల్ల చోట మోత లావైంది. టీచరమ్మ వెనకాలే సుద్దముక్కతో డొల్ల మూలలకు గుర్తులు పెట్టింది. పొయ్యి వెనక అక్కడక్కడ ఒక మూల తప్ప గుర్తుల్లేవు. కిటికీ పక్క అసలే లేవు. సింకు దగ్గరికొచ్చేసరికి సుద్దముక్కకు తీరిక లేకపోయింది. అక్కడ కింది రెండు వరసల్లో టైళ్ల సందుల వెంట తెల్లటి ఉప్పు పేరుకుంది. మేస్త్రి ఒక టైలు అంచు కింద ఉలి మొన దూర్చి తిప్పాడు. సుత్తి దెబ్బ లేకుండానే టైలు చేతిలోకొచ్చింది. వెనక ఐదు ముద్దలు, వాటి నడుమ నల్లటి బూజు.)

మేస్త్రి: చూసినారు గదా. ఈ గోడ మార్చాలని మీకెందుకు పుట్టింది? సింకు కాడ ఈ ఉప్పు, మరకలు, ఊగే టైళ్లు చూళ్లేక. యాడ కప్పిపెట్టాలని ఎక్కువ ఆశ ఉంటాదో ఆడే కప్పకూడదు. యాడ కప్పొచ్చో ఆడ పాత టైలు గుండ్రాయి మాదిరి ఉంది, ఇంకో ఇరవై ఏళ్లకు ఢోకా లేదు, దాని జోలికి పోయే పనే లేదు. ఇంక మీరు అతికించేది యాడ?

టీచరమ్మ: సింకు పక్క సంగతి ఒప్పుకున్నాను. అక్కడ పీకాల్సిందే. మిగతా గోడ గురించి నువ్వన్నది మాత్రం మేస్త్రి న్యాయం, చెడిపోతే తప్ప మార్చకూడదని. పొద్దునా సాయంత్రం ఈ గోడకు ముఖం పెట్టి నిలబడేది నేను. ఈ పండ్ల బుట్టలు నేను ఎంచుకున్నవి కావు. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ అంగడికి పోయింది మగవాళ్లు. వంటింట్లో నిలబడని వాళ్లు వంటింటి గోడ ఎంచారు. అది గట్టిగా ఉంది కాబట్టి ఇంకో ఇరవై ఏళ్లు చూస్తూ ఉండమంటే ఎట్లన్నా?

మేస్త్రి: ఆ మాటకు జవాబు లేదు. మా ఇంట్లో కూడా నేనే ఎంచినా. అయితే నచ్చనిదాన్ని దాచుకోవడమెందుకు, పీకితే పోలే?

టీచరమ్మ: గట్టిగా పట్టుకున్న టైలును పీకడమంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. డొల్లవి చేతికి వస్తాయి. గట్టివి ప్లాస్టరింగును లాక్కుని వస్తాయి. ఆ గోడలోంచే కరెంటు పైపు పోతోంది. పైగా పొయ్యి వెనక ఎవరో మంచి మేస్త్రి మూలమూలకూ మాలు నింపి పని చేశాడు, నువ్వే తట్టి చూశావు. నువ్వు అట్ల చేసిన పనిని ఎవరన్నా ఉలి పెట్టి పగలగొడుతుంటే చూస్తూ ఊరుకుంటావా?

మేస్త్రి: నన్నే నా మీదికి తిప్పినారు. సరే, సింకు సంగతి తేల్చుకుందాం. తడి యాడినుంచి వస్తుందో తెలీకుండా కొత్త టైలు పెడితే అదీ ఇట్లనే అయితాది. బోరు నీళ్ల తెల్లమరక పోవాలని యాసిడ్ పోసి రుద్దుతుంటిరా?

టీచరమ్మ: నెలకోసారి.

మేస్త్రి: యాసిడ్ మరకతో పాటు సందుల్లోని సిమెంటును తినేసింది. గట్టుకూ గోడకూ నడుమ సందు తెరుచుకుంది. గిన్నెలు కడిగిన నీళ్లన్నీ లోనికి పోయినాయి. ముందు గోడలో ఉన్న ఎల్బో కారుతుందేమో కూడా చూడాల.

టీచరమ్మ: సున్నానికీ యాసిడ్‌కూ పడదని పిల్లలకు చెబుతూనే ఇంట్లో పోశాను చూడు. ఇకమీదట పలచటి వెనిగర్ కూడా సందుల మీద పోయను.

మేస్త్రి: ఇంకొకటి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే ఆ పగులు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతాది, ఎండకు నెర్రెలిస్తాది, పునాదిని కదుపుతాది. పోతిరెడ్డిపాడు నుంచి బానకచెర్లకు పోయే కాలువ చూసినారు గదా. కాలువలకు లైనింగ్ చేసేటప్పుడు రేగడి ఉన్నచోట నేరుగా కాంక్రీటు పొయ్యరు, ఉబ్బని మట్టిని ముందు ఒక పొర పరిచి తొక్కిస్తారు. లేకుంటే ఎంత మందం పోసినా పగులుతాది. కింద కదిలేదాన్ని పైపొర ఆపలేదు టీచరమ్మా.

టీచరమ్మ: కదులుతోందా, ఎప్పుడో కదిలి ఆగిందా అన్నదే ప్రశ్న. పోయిన వానాకాలానికి ముందే పగులు కొనకు పెన్సిలు గీత గీసి తేదీ రాశాను. వానలూ పోయాయి, ఎండలూ వచ్చాయి. పగులు గీత దాటలేదు, వెడల్పూ పెరగలేదు.

మేస్త్రి: అయితే ఆగినట్టే. అయినా ఆ గీత మీద టైలు అడ్డంగా రాకుండా సందు వచ్చేటట్టు పెడతా. ఆ సందులో గ్రౌటు కాదు, సిలికాన్ నింపుతా. గట్టుకూ టైలుకూ నడుమ కూడా సిలికానే. కొంచెం కదిలినా సాగుతాది, నీళ్లు పోవు.

టీచరమ్మ: ఇప్పుడు అతికించే మనిషిలా మాట్లాడుతున్నావు.

మేస్త్రి: ఇంకా ఒప్పుకోలేదు. కొత్త టైలు 8 మిల్లీమీటర్లు, జిగురు 3. గోడ 11 మిల్లీమీటర్లు ముందుకొస్తాది. స్విచ్ బోర్డులు లోపలికి పోతాయి, కరెంటు పనోణ్ని పిలిచి, మెయిన్ ఆపి, ప్లేట్లు ముందుకు తెప్పించాల. సింకు కుళాయి గోడలోంచి వచ్చేది కాబట్టి నిపుల్ అతకాల. టైల్స్ ఆగిపోయే చోట రెండు పొరల మందం మెట్టు మాదిరి తేలుతాది, ఆడ దుమ్ము కూర్చుంటాది. ఈ ఖర్చులు కలిపితే పీకినదానికీ పీకనిదానికీ పెద్ద తేడా రాదు.

టీచరమ్మ: ఖర్చు తగ్గుతుందని నేను అనలేదు. వంటిల్లు ఆగదని అన్నాను. అంచుకు అల్యూమినియం పట్టీ పెడదాం.

మేస్త్రి: ఇంత చేసి గుజరాత్ మట్టి పలకలేనా? సింకు పక్క ఎట్లా ఇటుక దాకా పోతుండాం. ఆడ బేతంచెర్ల బండ నిలబెడదాం. మన జిల్లా రాయి. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చినారు, రాతి పని మన దగ్గర కొదవా?

టీచరమ్మ: నేలకు ఆ బండను మించింది లేదు, మా పడసాలంతా అదే. కానీ అది సున్నపురాయి. చింతపండు పులుసు చిందినా, నిమ్మకాయ పిండినా పాలిష్ పోయి తెల్లగా చచ్చిపోతుంది. ఇప్పుడే గదా యాసిడ్ గురించి నాకు పాఠం చెప్పావు. రెండు సెంటీమీటర్ల బండ చదరపు మీటరుకు 50 కిలోల పైమాట. అప్పుడు నీకు నిజంగానే బరువు భయం పట్టుకుంటుంది.

మేస్త్రి: సరే, బండ మాట వదిలేస్తా. నా షరతులు వినండి. సుద్ద గుర్తులున్న సింకు భాగమంతా ఇటుక దాకా తీస్తా. ఎల్బో చూసి, గోడ ఆరినాక, పాత టైలు మట్టానికి సమంగా ప్లాస్టరింగు చేస్తా. దాన్ని వారం తడపాల, మల్ల ఆరాల. దానికి తొందర పెట్టొద్దు.

టీచరమ్మ: మరి జాతర?

మేస్త్రి: పొయ్యి వైపు ముందు అయిపోతాది, వంట ఆగదు. గిన్నెలు కొన్నాళ్లు పెరట్లో కడుక్కోండి. రెండు, జిగురు నేను చెప్పినంతే కలపాల. ఈ కాలంలో 44 డిగ్రీల ఎండ. సంచి మీద 20 నిమిషాలని రాసి ఉంటాది, మన గాలికి అంతకంటే ముందే పైన తోలు కడతాది. వేలితో ముట్టుకుంటే వేలికి అంటాల, అంటకపోతే గీకి పారేసి కొత్తది పూస్తా. అట్ల పారేసేదానికి మీరు లెక్క అడగొద్దు.

టీచరమ్మ: 20 కిలోల సంచి, 3 మిల్లీమీటర్ల మందంలో 45 అడుగుల దాకా వస్తుంది. మనకు ఒకటి చాలు. పారేసేదానికని రెండు తెప్పిస్తాను. సంచి మీద టైలు మీద టైలుకు పనికొస్తుందని రాసి ఉందో లేదో, ఐఎస్ 15477 ముద్ర ఉందో లేదో నేను చూస్తాను. నా షరతు కూడా ఒకటుంది. ఐదు ముద్దల పని వద్దు.

మేస్త్రి: పళ్ల తాపీతో గోడంతా ఒకే దిక్కు గీస్తా. పెట్టిన టైల్స్‌లో అప్పుడప్పుడు ఒకటి తీసి మీకు చూపిస్తా. ఎనకంతా నిండి ఉంటే సరి, లేకుంటే ఆ వరస మల్ల పెడతా. సందు 2 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ స్పేసర్లు పెట్టి. ఆనించమని అడగరు గదా?

టీచరమ్మ: అడగను. పొయ్యి వెనక ఎపాక్సీ గ్రౌటు పెట్టు, పసుపు మరక పట్టదు. పెట్టిన మర్నాడు దాకా గ్రౌటు జోలికి పోవద్దు.

మేస్త్రి: చివరి మాట. పాతికేళ్లకో ముప్పై ఏళ్లకో ఇంకెవరో వచ్చి ఈ గోడ పీకుతారు. రెండు పొరలని తెలీక గట్టిగా కొడతారు. నన్ను తిట్టుకుంటారు.

టీచరమ్మ: గట్టు కింద అరలో తలుపు లోపలి వైపు రాసి పెడతాను. ఎక్కడ రెండు పొరలున్నాయో, ఎక్కడ ఒకటే ఉందో, పగులు ఎక్కడుందో, ఏ జిగురు వాడామో, తేదీతో సహా. కరెంటు పైపు ఏ దారిలో పోతోందో కూడా బొమ్మ గీస్తాను.

మేస్త్రి: ఆ పని ముందోళ్లు చేసి ఉంటే ఈ పొద్దున మనకు ఇంత వాదులాట ఉండేది కాదు. సరే, కూలి మాట. సింకు పక్క పీకి ప్లాస్టరింగు చేసినదానికి వేరే.

టీచరమ్మ: ఇస్తాను. మరి మిగతా గోడ పీకే పని తప్పింది గదా, ఆడ తగ్గిస్తావా?

మేస్త్రి: తగ్గించను. పీకేదానికి ఉలి చాలు, ఎవరైనా పీకుతారు. ఏది పీకాల్నో ఏది ఉంచాల్నో ఒక్కొక్క టైలు తట్టి చెప్పినా చూడండి, కూలి దానికి.